పురుడు నీట, కాపురం మట్టిలో

మార్చి చివర్లో, అమెరికా ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో చెట్ల మొదళ్ల దగ్గర మంచు ఇంకా మిగిలి ఉండగానే, ఒక రాత్రి వాన పడుతుంది. చలి కాస్త విరిగి, గడ్డకట్టిన నేల పైపొర మెత్తబడి, చినుకు విడవకుండా కురిసే రాత్రి అది. రాలిన ఆకులను తోసుకుంటూ జానెడు పొడవున్న నల్లటి జీవి ఒకటి మెల్లగా పైకొస్తుంది. తడికి నిగనిగలాడే దాని వీపు మీద రెండు వరసల పసుపు చుక్కలుంటాయి. వెనకే ఇంకొకటి, ఆ వెనక మరో పది. ఒక్కోచోట వందల కొద్దీ బయల్దేరి, అన్నీ ఒకే గుంట వైపు నడుస్తాయి. చుక్కల సాలమండర్ అంటే అక్కడి జనం తలచుకునేది ఈ రాత్రినే. పత్రికల్లో కనిపించే ఫొటోలు కూడా ఎక్కువగా ఈ రాత్రివే. అందుకే దీన్ని నీటి జీవిగా లెక్కగట్టడం, గుంటను కాపాడితే జీవిని కాపాడినట్టే అనుకోవడం అలవాటైపోయింది. ఆ లెక్క తప్పు. గుంట దీనికి పురిటిల్లు మాత్రమే. కాపురమంతా చుట్టూ ఉన్న అడవి నేల లోపల, చీకటి బొరియల్లో సాగుతుంది. చట్టాలు పురిటింటి చుట్టూ గీత గీసి, కాపురముండే ఇంటిని గీత అవతల వదిలేస్తున్నాయి.

ముందు ఈ జీవిని సరిగ్గా పరిచయం చేయాలి. చూడగానే మనవాళ్లు బల్లి అంటారు, లేకపోతే నలికండ్లపాము అంటారు. రెండూ కాదు. బల్లికి పొలుసులుంటాయి, గోళ్లుంటాయి. సాలమండర్‌కు ఆ రెండూ లేవు. ఇది కప్పకు దగ్గరి చుట్టం, తోక ఊడని ఉభయచరం. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు అంబిస్టోమా మాక్యులేటం. ప్రయోగశాలల్లో పేరుమోసిన మెక్సికో ఆక్సోలాటల్‌దీ ఇదే కుటుంబం. కెనడా ఆగ్నేయ ప్రాంతం నుంచి కిందికి అమెరికా దక్షిణ రాష్ట్రాల దాకా ఆకురాల్చే అడవులు ఉన్నచోటల్లా ఇది ఉంటుంది. 15 నుంచి 25 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. పిల్లిలా, కుక్కలా పదేళ్లు, పదిహేనేళ్లు బతికే ప్రాణులను చూసిన మనకు అరచేతిలో పట్టే ఈ జీవి 20 ఏళ్లు బతుకుతుందంటే నమ్మబుద్ధి కాదు. 30 ఏళ్లు దాటిన దాఖలా కూడా ఉంది. ఈ ఆయుష్షు సంగతి గుర్తుంచుకోవాలి, వాదనలో మళ్లీ దానితో పని పడుతుంది. సౌత్ కరోలినా 1999లో, ఒహైయో 2010లో దీన్ని తమ రాష్ట్ర ఉభయచరంగా ప్రకటించుకున్నాయి. మన దేశంలో సాలమండర్ జాతి జీవులను చూడాలంటే డార్జిలింగ్ కొండలకో ఈశాన్యానికో వెళ్లాలి. తెలుగు నేల మీద అవి లేవు.

పురిటింటి వైభవాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. చలికాలపు మంచు, వసంతపు వాన కలిసి అడవిలోని పల్లాల్లో నిలిచే నీరు అది. ఎండాకాలం ముదిరేసరికి చాలా గుంటలు ఎండిపోతాయి. ఎండిపోవడమే వాటి గొప్పదనం, ఎందుకంటే ఏటా ఎండే గుంటలో చేప బతకదు. చేప లేని నీటిలోనే సాలమండర్ గుడ్డుకు భద్రత. ముందుగా చేరిన మగవి అడుగున ఉన్న ఎండుటాకుల మీద, పుల్లల మీద జిగురు కాడల్లాంటివి నిలబెట్టి, వాటి కొసన తెల్లటి వీర్యపు బొట్టు ఉంచుతాయి. టార్చి వేసి చూస్తే నీటి అడుగున ఎవరో సున్నపు చుక్కలు చల్లినట్టు ఉంటుంది. ఆడవి వాటి మీదుగా నడిచి ఆ బొట్లను లోపలికి తీసుకుంటాయి. కప్పల్లా మగది ఆడదాన్ని పట్టుకుని ఉండటం ఇక్కడ లేదు. తర్వాత ఆడది నీట మునిగిన కొమ్మకు గుడ్ల ముద్దలు అంటిస్తుంది. ఒక్కో ముద్దలో 50 నుంచి 250 దాకా గుడ్లు. తాటిముంజెలా గట్టిగా, జారుడుగా ఉండే ఆ ముద్ద ఒక్కోసారి గాజులా తేటగా, ఒక్కోసారి పాలలా తెల్లగా ఉంటుంది.

కొన్ని రోజులకు ఆ గుడ్లు ఆకుపచ్చగా మారతాయి. కుళ్లి కాదు, లోపల నాచు పెరిగి. ఈ గుడ్లలోనే కనిపించే ఆ నాచును ఒకరు 1888లోనే రాసిపెట్టారు. పిండం విసర్జించే నత్రజని నాచుకు ఎరువు. పగటి వెలుగులో నాచు విడిచే ఆక్సిజన్ పిండానికి ఊపిరి. దట్టమైన జిగురు ముద్ద నడిమధ్యకు ఆక్సిజన్ అందడం కష్టం కాబట్టి ఈ ఇచ్చిపుచ్చుకోవడం రెంటికీ లాభమే. నూట ఇరవై ఏళ్లకు పైగా నాచు గుడ్డులో ఉంటుందనే అనుకున్నారు. 2011లో రయాన్ కెర్నీ బృందం మరో అడుగు ముందుకేసి, అది పిండం శరీర కణాల లోపల కూడా ఉందని చూపించింది. వెన్నెముక ఉన్న జీవి కణాల్లో ఒక నాచు కాపురం పెట్టడం అంతకుముందు ఎవరూ చూడనిది. పరాయి కణం లోపలికొస్తే తరిమికొట్టే రక్షణ వ్యవస్థ వెన్నెముక జీవులన్నిటికీ ఉంటుంది. అది ఇక్కడ ఎందుకు ఊరుకుంటుందన్న ప్రశ్న చాలామంది పరిశోధకులను ఈ బురద గుంటల దాకా నడిపించింది. ఇంత అద్భుతం గుంటలో జరుగుతున్నప్పుడు అందరి చూపూ గుంట మీదే నిలవడంలో ఆశ్చర్యం లేదు.

కానీ పెద్ద సాలమండర్ ఈ గుంటలో గడిపేది ఏడాదికి కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు. చాలా ఆడవి ప్రతి ఏడూ రానే రావు. మొప్పలతో నీటిలో పెరిగిన పిల్లలు కూడా రెండు మూడు నెలల్లో మొప్పలు పోగొట్టుకుని, ఊపిరితిత్తులు తెచ్చుకుని, ఎండాకాలం ముగిసేలోపు గట్టెక్కుతాయి. మళ్లీ గుడ్డు పెట్టే వయసు రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ నీటి జోలికి రావు. మరి మిగిలిన కాలమంతా ఎక్కడ? ఇది 'మోల్ సాలమండర్' కుటుంబం. మోల్ అంటే నేలను తవ్వుకుంటూ బతికే చిన్న జంతువు. పేరు విన్నవాళ్లు ఇది కూడా అలాగే తవ్వుతుందనుకుంటారు. ఈ కుటుంబంలో కొన్ని జాతులు ముందుకాళ్లతో బాగానే తవ్వుతాయి. చుక్కల సాలమండర్‌కు మాత్రం ఆ బలం లేదు. మెత్తటి మట్టిని తలతో తోసుకుని కాస్త వెడల్పు చేసుకోగలదు, అంతే. ఇది అద్దె ఇంట్లో ఉండే జీవి. చుంచెలుకలు, వోల్ అనే పొట్టితోక ఎలుకలు, మోల్‌లు తవ్వి వదిలిన సొరంగాలే దీని ఇల్లు. ఒంట్లో చిన్న రేడియో పరికరం అమర్చి వదిలినప్పుడు ఇవి ఎక్కువ కాలం దొరికింది ఈ ఎలుక కలుగుల్లోనే. మసాచుసెట్స్‌లో కంచె కట్టి చేసిన ప్రయోగాల్లో కలుగుల లభ్యతను బట్టి వాటి సంఖ్య మారడం కూడా గమనించారు.

ఈ సంగతి వాదనకు మూలస్తంభం. సాలమండర్‌కు కావలసింది చెట్లున్న స్థలం అనుకుంటే పొరపాటు. దానికి కావలసింది తడి ఆరని ఆకుల పొర, ఆ పొర కింద వదులైన మట్టి, ఆ మట్టిలో ఎలుకలు తవ్విన దారులు, పక్కన పుచ్చిపోతున్న దుంగలు. దీని చర్మం పలచన. ఊపిరితిత్తులున్నా చర్మం గుండా కూడా శ్వాసిస్తుంది. చర్మం ఆరితే ప్రాణం పోతుంది. చలికాలంలో గడ్డకట్టినా తిరిగి లేచే శక్తి అక్కడి అడవి కప్పకు ఉంది, దీనికి లేదు. కాబట్టి మంచు దిగని లోతుకు వెళ్లే దారి కావాలి. ఆ దారి తవ్విపెట్టేది ఎలుక. అడవిలో వంద చెట్లు ఉంచి, కింద ఆకులు ఊడ్చి, నేల చదును చేసి పచ్చిక పరిస్తే పైనుంచి చూసేవాళ్లకు అది అడవిలాగే కనిపిస్తుంది. సాలమండర్‌కు అది కప్పు ఉండి గోడలు లేని ఇల్లు. మిస్సోరీలో జరిగిన పరిశోధనల్లో అడవి అంచున వదిలిన సాలమండర్లు గడ్డి మైదానం వైపు వెళ్లకుండా అడవి వైపే తిరిగాయి.

ఇక్కడ ఒక పక్కదారి మాట. మనకు వానపాము రైతు నేస్తం. పిల్లల పాఠాల్లోనే ఆ ముక్క ఉంటుంది. కానీ హిమయుగపు మంచుపలకలు ఒకప్పుడు కప్పేసిన ఉత్తర అమెరికా భూభాగంలో వేల ఏళ్లుగా వానపాములు లేవు. అక్కడి అడవి రాలిన ఆకును నెమ్మదిగా కుళ్లబెడుతూ, మందపాటి పరుపు పరుచుకుంటూ ఎదిగింది. వలస వచ్చినవారి మొక్కల మట్టితోనో, చేపల వేటకు ఎరగానో వచ్చిన యూరప్, ఆసియా వానపాములు ఆ పరుపును తినేస్తున్నాయి. పెద్ద సాలమండర్ వానపామును ఇష్టంగా తింటుందనేది నిజమే. అయితే న్యూయార్క్, పెన్సిల్వేనియా అడవుల్లో ఆకుల పొర పలచబడిన చోట అడవి సాలమండర్ల సంఖ్య కూడా తగ్గినట్టు అధ్యయనాలు చూపాయి. ఒక నేలకు మేలు చేసేది ఇంకో నేలకు చేటు కావచ్చు. నీటి చుట్టూ గీసిన ఏ గీతా ఈ చేటును ఆపదు.

గీత ఎక్కడ గీశారో, ఎక్కడ గీయాలో ఇప్పుడు చూద్దాం. 1998లో రేమండ్ సెమ్లిచ్ అనే జీవశాస్త్రవేత్త గుంటల్లో గుడ్లు పెట్టే ఈ కుటుంబపు సాలమండర్ల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ దగ్గర పెట్టుకుని లెక్క కట్టాడు. గుంట నుంచి అవి సగటున 125 మీటర్ల దూరంలో బతుకుతున్నాయి. నూటికి 95 సాలమండర్లను కలుపుకోవాలంటే గుంట అంచు నుంచి 164 మీటర్ల అడవి ఉండాలి. చట్టాలు చూస్తే మసాచుసెట్స్ 100 అడుగుల దగ్గర ఆగుతుంది. అంటే 30 మీటర్లు. సగటు సాలమండర్ ఇంటికి అది నాలుగో వంతు దూరం కూడా కాదు. మెయిన్ రాష్ట్రం 2007 నుంచి, తగినన్ని గుడ్ల ముద్దలు కనబడిన గుంటలకు 250 అడుగులు ఇచ్చింది. పక్క రాష్ట్రాలతో పోలిస్తే అది పెద్ద మనసే, అయినా 76 మీటర్లు. ఇక దేశమంతటికీ వర్తించే జలచట్టం సంగతి. పెద్ద నీటివనరుతో ఉపరితలం మీద ఎడతెగకుండా కలిసి ఉన్న తడి నేలలకే ఆ చట్టం వర్తిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 2023 మేలో తీర్పునిచ్చింది. అడవి గుంట దేనితోనూ కలవదు. కలిస్తే చేప వస్తుంది, చేప వస్తే సాలమండర్ పోతుంది. జీవికి ప్రాణాధారమైన ఒంటరితనమే చట్టం కళ్లకు లోపంగా కనిపించింది.

ఇంతకూ ఈ జీవి అంతరించిపోయే జాబితాలో లేదు కదా, ఎందుకీ ఆరాటం అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం లెక్కల్లో ఇది ముప్పు లేని జాతి. కానీ జాతి మొత్తానికి ముప్పు లేకపోవడం వేరు, ఫలానా అడవిలో, ఫలానా గుంట దగ్గర అది మిగలడం వేరు. ఆయుష్షు మాట ఇక్కడే పనికొస్తుంది. 20 ఏళ్లు బతికే జీవి, చుట్టూ ఇళ్లు వచ్చి పిల్లలు బతకడం మానేసినా, పదిహేనేళ్లు అదే గుంటకు వస్తూనే ఉంటుంది. గుడ్ల ముద్దలు లెక్కపెట్టేవాళ్లకు అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ముసలివాళ్లే మిగిలిన పల్లెలో ఓటర్ల జాబితా చూసి ఊరు కళకళలాడుతోందని చెప్పినట్టు ఉంటుంది ఆ లెక్క. జేమ్స్ గిబ్స్, గ్రెగరీ ష్రైవర్ 2005లో మసాచుసెట్స్ రోడ్ల మీద వేసిన అంచనా ప్రకారం పెద్ద సాలమండర్లలో ఏటా నూటికి పదికి మించి చక్రాల కింద పడితే ఆ గుంట సంతతి క్రమంగా అంతరించిపోతుంది. వారు చూసిన ప్రాంతంలో 22 నుంచి 73 శాతం గుంటల సంతతులకు ఆ ముప్పు ఉందని తేలింది. ఒక రాత్రి రోడ్డు మీద పది పోతే వంద దాటాయిగా అనిపిస్తుంది. ఇరవై ఏళ్ల ఆయుష్షులో ఏటా అదే రోడ్డు దాటాలి, అదీ పోను ఒకసారి, రాను ఒకసారి.

పైగా అరుదైనవే విలువైనవి అనుకోవడంలోనే ఒక పొరపాటుంది. అడవిని నడిపేది మామూలు జీవులు. న్యూహాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో బర్టన్, లైకెన్స్ 1975లో ప్రచురించిన లెక్క ప్రకారం హెక్టారుకు సుమారు 2,950 సాలమండర్లున్నాయి. అన్నిటి బరువూ కలిపితే గూళ్లు కట్టే కాలంలో అక్కడున్న పక్షులన్నిటి బరువుకు రెట్టింపు. అందులో ఎక్కువ భాగం ఊపిరితిత్తులు లేని చిన్న ఎర్రవీపు సాలమండర్లదే, చుక్కల సాలమండర్ల వాటా తక్కువ. ఆ సంగతి దాచడం నిజాయితీ కాదు. అయితే ఎర్రవీపుది నేల మీదే పుట్టి నేల మీదే గిట్టే జీవితం. గుంటను అడవితో కలిపేది చుక్కల సాలమండరే. అడవిలో పురుగులను, వానపాములను తిని పెంచుకున్న ఒంటిని గుడ్ల రూపంలో నీటికి ఇస్తుంది. నీటిలో పెరిగిన పిల్లల రూపంలో మళ్లీ అడవికి తెచ్చుకుంటుంది. ఇలినాయ్ అడవుల్లో ఈ రాకపోకలను శక్తి లెక్కల్లో కొలిచి చూపారు. ఒక వైపు దారి మూసుకుపోతే రెండో వైపుదీ ఆగిపోతుంది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం భూమి యజమానులది. 164 మీటర్లు చుట్టూ అంటే గుంట ఎంత చిన్నదైనా 8 హెక్టార్లకు పైగా, అంటే దాదాపు 21 ఎకరాలు. ఒక గుంట కోసం ఇరవై ఎకరాలు ముట్టుకోవద్దంటే ఎవరు ఒప్పుకుంటారు? ఒప్పుకోరు, ఒప్పుకోమనడం న్యాయం కూడా కాదు. అయితే సాలమండర్ అడిగేది ముట్టుకోవద్దని కాదు. 2002లో ఆరం కాల్హూన్, మైకేల్ క్లెమెన్స్ రూపొందించిన మార్గదర్శకాలు ఈ చిక్కును బాగా విడదీశాయి. గుంట అంచు నుంచి 100 అడుగుల దాకా అసలు కదిలించకూడదు. అక్కడి నుంచి 750 అడుగుల దాకా నాలుగింట ఒక వంతు కట్టుకోవచ్చు, మూడు వంతులు అడవిగా ఉంచాలి. కలప కొట్టుకోవచ్చు, నీడ పూర్తిగా పోకుండా, నేల మీద యంత్రాల చక్రాలు లోతు గాళ్లు పెట్టకుండా చూసుకుంటే చాలు. నేల గడ్డకట్టిన చలికాలంలో కొడితే ఇంకా మంచిది, సాలమండర్లు అప్పుడు లోతున నిద్రపోతుంటాయి. 30 మీటర్ల దగ్గర గోడ కట్టి అవతల అంతా బుల్డోజర్‌కు వదిలేయడం కంటే, 228 మీటర్ల దాకా నేలను కాస్త మర్యాదగా వాడుకోవడం జీవికి మేలు. చాలామంది యజమానులకు కూడా అదే తేలిక అని నా అభిప్రాయం. పరిమితి మొత్తం ఒకరి పెరట్లోనే పడకుండా నలుగురి మీదా పంచుకోవచ్చు.

పోయిన గుంట బదులు ఇంకోచోట కొత్తది తవ్విస్తామనే మాట వింటుంటాం. తవ్వేవాళ్లకు చెరువు తవ్వడం వచ్చు, గుంట తవ్వడం రాదు. లోతు ఎక్కువైతే ఏడాదంతా నీరుండి బుల్‌ఫ్రాగ్‌లు, చేపలు చేరతాయి. తక్కువైతే పిల్లలకు మొప్పలు పోకముందే ఎండిపోతుంది. సరిగ్గా కుదిరినా చుట్టూ పాత అడవి, పాత కలుగులు లేకపోతే అది నీళ్లున్న గొయ్యి మాత్రమే. పైగా సాలమండర్‌కు తన గుంట తెలుసు. వచ్చిన దారినే గుంటలోకి దిగి, ఆ దారికి దగ్గరగానే తిరిగి గట్టెక్కుతుందని కంచెల దగ్గర పట్టి గుర్తులు పెట్టి వదిలినప్పుడు తేలింది. రోడ్ల కింద సొరంగాల మాట వేరు, వాటికి నేను వ్యతిరేకిని కాను. మసాచుసెట్స్‌లోని ఆంహర్స్ట్ ఊళ్లో హెన్రీ స్ట్రీట్ కింద 1987లో కట్టిన రెండు సొరంగాలు అమెరికాలో సాలమండర్ల కోసం కట్టిన మొదటివి. పైన జాలీలుండి వాన లోపలికి పడుతుంది, రెండు పక్కలా చిన్న కంచెలు జీవులను ద్వారం దగ్గరికి నడిపిస్తాయి. న్యూజెర్సీలో ఈస్ట్ బ్రన్స్‌విక్ ఊరు వలస రాత్రుల్లో బీక్‌మన్ రోడ్డును వాహనాలకు మూసేస్తుంది. ఎడిసన్‌కు కూతవేటు దూరంలోని ఆ ఊళ్లో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ రోడ్డును ఎందుకు మూస్తారో వాళ్ల పిల్లలకు తెలిసి ఉంటుంది. ఈ ఏర్పాట్లన్నీ పనిచేసేది సొరంగానికి ఆ కొసన గుంట, ఈ కొసన అడవి రెండూ మిగిలి ఉన్నంతకాలమే.

తెలుగు నేలకూ ఈ వాదన పరాయిది కాదు. తొలకరికి ఒక్క రాత్రిలో పొలాల్లో, కుంటల్లో బెకబెకలు మొదలవుతాయి. ఆ గొంతుల్లో కొన్ని నేలలో పూడుకుని ఎండాకాలం గడిపిన కప్పలవి. వెనక కాలి మడమ దగ్గరుండే పారలాంటి గట్టి బుడిపెతో మట్టిని తోస్తూ, వెనక్కి వెనక్కి నేలలోకి దిగిపోయే గుండ్రటి కప్పలు అవి. సాలమండర్‌లా అద్దె ఇల్లు కాదు, సొంత ఇల్లే. అయినా లెక్క అదే. కుంట చుట్టూ కట్ట పోసి, రాతి పలకలు పరిచి, నడక దారి వేసి సుందరీకరణ అంటున్నాం. కుంటలో నీరు నిలుస్తుంది. కానీ ఆ కప్ప ఏడాదిలో ఎక్కువ కాలం ఉండేది నీటిలో కాదు, ఇప్పుడు సిమెంటు కింద ఉన్న మట్టిలో.

అడవి గుంట నీరు లేనప్పుడు ఎలా ఉంటుందో చూడాలంటే సెప్టెంబరులో వెళ్లాలి. ఆకులు నిండిన ఒట్టి పల్లం. కొలతలు తీసుకోవడానికి వచ్చిన సర్వేయరు ఇక్కడ నీరు లేదని రాసుకుని ముందుకెళ్లిపోవచ్చు. న్యూజెర్సీలాంటి చోట్ల అదే పల్లంలో, ఒక దుంగ కిందో గడ్డి మొదట్లోనో, చుక్కల సాలమండర్‌కు చెల్లెలి వరసైన పాలరాతి సాలమండర్ తల్లి ఉంటుంది. నల్లటి ఒంటి మీద వెండి పట్టీలుండే చిన్న జీవి. ఇది వసంతం దాకా ఆగదు. ఎండిన గుంట అడుగునే గుడ్లు పెట్టి, వాటిని చుట్టుకుని పడుకుంటుంది. గుడ్ల లోపల పిల్లలు పెరిగి సిద్ధంగా ఉన్నా నీరు తాకేదాకా గుడ్డు పగలదు. వారాల తరబడి తల్లి అక్కడే ఉంటుంది, పల్లం నిండే వాన పడేదాకా.